ఫ్యాన్‌లో 1,250 గ్రాములు, కొనుగోలులో 2,135 గ్రాములు

ఒక సీలింగ్ ఫ్యాన్ మోటారు విప్పి, లోపల ఉన్న ఉక్కు స్టాంపింగుల కట్టను తూకం వేస్తే 1,250 గ్రాములు తూగింది. ఆ కట్ట చేయడానికి ఫ్యాక్టరీ కొన్న ఉక్కు రేకు 2,135 గ్రాములు. తేడా 885 గ్రాములు. డిజైన్ విభాగం జాబితాలో మొదటి అంకె ఉంటుంది. కొనుగోళ్ల విభాగానికి రెండో అంకె కావాలి. రెండూ సరైనవే. ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి వాడితే మాత్రం స్టోర్స్‌లో సరుకు అయిపోయి లైన్ ఆగుతుంది, లేదా వేసుకున్న లాభం లెక్క తలకిందులవుతుంది.

ఈ జాబితాలనే బిల్ ఆఫ్ మెటీరియల్స్ అంటారు. ఫ్యాక్టరీల్లో అందరూ పిలిచే పేరు బామ్. డిజైన్ చేసినవాళ్లు ‘ఈ వస్తువులో ఏమేం ఉండాలి’ అని రాసేది ఇంజినీరింగ్ బామ్, క్లుప్తంగా ఈ-బామ్. తయారు చేసేవాళ్లు ‘దీన్ని చేయడానికి ఏమేం తెప్పించాలి, ఏ వరుసలో కలపాలి’ అని రాసేది మాన్యుఫ్యాక్చరింగ్ బామ్, అంటే ఎం-బామ్. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో శాప్ మీదో, పీఎల్ఎం సాఫ్ట్‌వేర్ల మీదో పనిచేసేవారికి ఈ మాటలు కొత్త కాదు. పెద్ద కంపెనీలు వీటి కోసం ప్రత్యేక విభాగాలు నడుపుతాయి. కానీ చిన్న, మధ్యతరహా యూనిట్లలో చాలాచోట్ల ఒక్కటే జాబితా ఉంటుంది. అది డ్రాయింగుతో పాటు వచ్చినది. మిగతాదంతా స్టోర్ కీపర్ జ్ఞాపకంలో, వైండింగ్ షాపు పెద్దమేస్త్రీ చేతి నైపుణ్యంలో ఉంటుంది. ఆ మనుషుల మీద నాకు చాలా గౌరవం. వాళ్ల జ్ఞానం కాగితం మీదికి రాకపోవడం వల్ల ఆ యూనిట్లు ఏటా ఎంత పోగొట్టుకుంటున్నాయో లెక్క వేసి చూపించడమే ఈ కథనం ఉద్దేశం.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడి ఫ్యాన్ ఒక నమూనా ఫ్యాన్. కొలతలు, ధరలు, నష్టశాతాలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. మీ వస్తువుకు అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే దారి మాత్రం ఇదే.

గుండ్రటి ముక్క, చదరపు రేకు

సీలింగ్ ఫ్యాన్‌లో లోపలి స్టేటర్ కదలదు, దాని చుట్టూ బయటి రోటర్ తిరుగుతుంది. అందుకే రెండింటి స్టాంపింగులనూ ఒకే బిళ్ల నుంచి తీయవచ్చు. బయటి వలయం రోటర్‌కు, లోపలి బిళ్ల స్టేటర్‌కు. మన నమూనాలో బిళ్ల వ్యాసం 150 మిల్లీమీటర్లు, రేకు మందం అర మిల్లీమీటరు, ఒక్కో ఫ్యాన్‌కు 24 బిళ్లలు. ఎలక్ట్రికల్ స్టీల్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.65 గ్రాములు అనుకుంటే ఒక్కో బిళ్ల 67.6 గ్రాములు, 24 బిళ్లలు 1,622 గ్రాములు.

ప్రెస్ కింద బిళ్లలు విడివిడిగా పుట్టవు, పట్టీ లోంచి తెగుతాయి. అంచున ఒకటిన్నర మిల్లీమీటరు చొప్పున వదిలితే పట్టీ వెడల్పు 153. బిళ్లకూ బిళ్లకూ మధ్య 2 మిల్లీమీటర్లు వదిలితే ఒక్కో బిళ్లకు 152 మిల్లీమీటర్ల పొడవు పడుతుంది. ఈ దీర్ఘచతురస్రం బరువు 89 గ్రాములు. 24తో గుణిస్తే 2,135 గ్రాములు. అంటే మూలల్లోనూ అంచుల్లోనూ 513 గ్రాములు పోయాయి. తీగ చుట్టే గాడులకూ, మధ్య రంధ్రానికీ ఇంకో 372 గ్రాములు కోసేశాం. మిగిలినది 1,250. కొన్న ఉక్కులో ఫ్యాన్‌లోకి చేరింది 58.5 శాతం.

ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. చదరంలో పట్టే అతిపెద్ద వృత్తం ఆ చదరం వైశాల్యంలో 78.5 శాతమే ఉంటుంది. ఒకే వరుసలో కోసినంతకాలం మిగతా 21.5 శాతం ఎంత మంచి ప్రెస్ పెట్టినా మూలల్లో మిగిలి తీరుతుంది.

ఇప్పుడు రూపాయల్లోకి వద్దాం. కిలో రేకు 90 రూపాయలు, స్క్రాప్ అమ్మితే కిలోకు 35 రూపాయలు అనుకోండి. ఈ-బామ్ చూసి ధర వేసినవాడు 1.25 కిలోలకు 112 రూపాయల 50 పైసలు రాస్తాడు. అసలు ఖర్చు 192 రూపాయల 15 పైసలు. స్క్రాప్ మీద వచ్చే 31 రూపాయలు తీసేస్తే 161 రూపాయల పైన. ఒక్క ఫ్యాన్‌కు దాదాపు 49 రూపాయల తేడా. పది వేల ఫ్యాన్ల ఆర్డరుకు 4 లక్షల 87 వేల రూపాయలు. కొటేషన్ ఇచ్చిన రోజే పోయిన డబ్బు ఇది. తెలిసేది మాత్రం సంవత్సరాంతంలో ఆడిటర్ స్టాకు సరిచూసినప్పుడు.

సరిగ్గా రాసిన ఎం-బామ్‌లో ఈ స్క్రాప్‌కు కూడా ఒక వరుస ఉంటుంది. పరిమాణం మైనస్ 0.885 కిలోలు అని రాస్తారు. వాడకానికి గుర్తు ప్లస్, తిరిగి వచ్చేదానికి మైనస్. ఒక్కో ఆర్డరుకు ఎంత స్క్రాప్ గోడౌన్‌కు చేరాలో ముందే తెలుస్తుంది. పది వేల ఫ్యాన్లకు 8.85 టన్నులు రావాలి. ఏడు టన్నులే అమ్ముడైనట్టు కనిపిస్తే ఎక్కడ తప్పిందో అడిగే ఆధారం యజమాని చేతిలో ఉంటుంది.

ఇంకో విషయం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. అదే బిళ్లలను ఒక వరుసలో కాకుండా, వెడల్పాటి పట్టీ మీద రెండు వరుసలుగా, ఒకదాని సందులోకి ఇంకొకటి వచ్చేట్టు కోస్తే ఏమవుతుంది? పట్టీ వెడల్పు 284.6 మిల్లీమీటర్లు అవుతుంది, ప్రతి 152 మిల్లీమీటర్ల పొడవుకు రెండు బిళ్లలు వస్తాయి. ఒక్కో ఫ్యాన్‌కు పట్టే రేకు 2,135 నుంచి 1,986 గ్రాములకు దిగుతుంది. 149 గ్రాముల ఆదా. పది వేల ఫ్యాన్లకు టన్నున్నర ఉక్కు. డ్రాయింగులో ఒక్క గీత మారలేదు, ఈ-బామ్‌లో ఒక్క అంకె మారలేదు, ఫ్యాన్ బరువు మారలేదు. మారింది ఎం-బామ్ ఒక్కటే. ఆ జాబితా విడిగా లేని ఫ్యాక్టరీలో ఈ ఆదా ఎక్కడా నమోదు కాదు. దాన్ని కనిపెట్టిన టూల్‌రూమ్ మనిషికి దక్కాల్సిన పేరూ దక్కదు.

డ్రాయింగులో కనిపించని సరుకు

తీగ సంగతి చూద్దాం. నమూనా ఫ్యాన్‌లో 36 గేజి రాగి తీగ 250 గ్రాములు. ఆ తీగ మందం 0.193 మిల్లీమీటర్లు, కాబట్టి మీటరు బరువు నాలుగో వంతు గ్రాము కంటే కాస్త ఎక్కువ. 250 గ్రాములంటే సుమారు 950 మీటర్లు. గదిలో మన తల మీద తిరిగే ఒక్క ఫ్యాన్‌లో దాదాపు కిలోమీటరు తీగ. వైండింగ్‌లో తెగిన కొసలు, టెస్టులో తిరిగొచ్చిన స్టేటర్లు, బాబిన్ అడుగున మిగిలేది, అన్నీ కలిపి రెండున్నర శాతం పోతుందనుకుంటే ఎం-బామ్‌లో 256.4 గ్రాములు రాయాలి. పది వేల ఫ్యాన్లకు 64 కిలోల రాగి. రాగి ధర తెలిసినవారికి ఆ బరువు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఈ నష్టశాతం కలిపే దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు. డై కాస్టింగ్‌లో వచ్చే అల్యూమినియం కవర్లలో పది శాతం తిరస్కరణకు గురవుతాయనుకోండి. పది వేల కవర్లు కావాలంటే పది శాతం కలిపి పదకొండు వేలు పోస్తారు. అందులో పది శాతం పోతే మిగిలేవి 9,900. వంద తక్కువ. పది వేలను 0.90తో భాగించాలి, అప్పుడు 11,112 వస్తుంది. నష్టం ఒకటి రెండు శాతమే అయితే రెండు పద్ధతులకూ పెద్ద తేడా కనిపించదు. అది పెరిగినా, ఒక దశ తర్వాత ఇంకో దశలో నష్టం వచ్చినా తేడా తేలుతుంది. మూడు దశల్లో వరుసగా 99, 98, 97 శాతం మంచివి వస్తే చివరికి తేలేది 94.1 శాతం. పది వేలు కావాలంటే మొదటి దశలో 10,626తో మొదలుపెట్టాలి. తిరస్కరించిన అల్యూమినియం మళ్లీ కొలిమిలోకి పోతుంది, నిజమే. దాని మీద పెట్టిన కరెంటు, కూలి, డై కాలం తిరిగి రావు.

ఈ-బామ్‌లో అసలు లేనివి కూడా ఉన్నాయి. వైండింగ్ ముంచే వార్నిష్, కవర్ల మీద పౌడర్, బేరింగుల దగ్గర గ్రీజు లాంటివాటికి డ్రాయింగు మీద ‘అవసరమైనంత’ అనే ఒక్క మాట రాసి వదిలేస్తారు. డిజైనర్‌కు ఆ మాట సరిపోతుంది. ఇండెంట్ రాసే మనిషికి ‘అవసరమైనంత’ ఎన్ని కిలోలో తెలియాలి. వార్నిష్ ఫ్యాన్‌కు ఎన్ని గ్రాములు పడుతుందో ఎవరో ఒకరు ఒక డ్రమ్ము మొదలుపెట్టినప్పటి నుంచి అయిపోయేదాకా లెక్కపెట్టి చెప్పాల్సిందే. ఇక అట్టపెట్టె, పాలిథిన్ సంచి, వారంటీ కార్డు, స్టార్ లేబుల్. బీఈఈ స్టార్ లేబుల్ సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. రూపాయి కూడా ఖరీదు చేయని ఆ స్టిక్కర్ రాకపోతే తయారైన ఫ్యాన్ గేటు దాటకూడదు. స్టిక్కర్ గాలి వేయదు కాబట్టి చాలా ఈ-బామ్‌లలో దానికి చోటుండదు.

చౌక వస్తువులే లైన్ ఆపుతాయనడానికి విమానాల కంటే పెద్ద సాక్ష్యం లేదు. బోయింగ్ 747లో 60 లక్షల భాగాలు ఉంటే వాటిలో సగం బిగింపు సామానే. 787 డ్రీమ్‌లైనర్‌ను 2007 జులై 8న ఆర్భాటంగా ప్రపంచానికి చూపించినప్పుడు అసలు ఫాస్టెనర్లు దొరక్క చాలాచోట్ల తాత్కాలిక ఫాస్టెనర్లతో బిగించి నిలబెట్టారు. ఆ విమానం మొదటిసారి ఎగిరింది 2009 డిసెంబర్ 15న. ఆలస్యానికి ఇంకా చాలా కారణాలున్నాయి, ఫాస్టెనర్ల కొరత వాటిలో ఒకటి.

ఒక్క రెక్క, మూడు పార్ట్ నంబర్లు

పరిమాణాలు సరిచేస్తే ఈ-బామ్ కాస్తా ఎం-బామ్ అయిపోతుందని అనుకునేవారు ఉన్నారు. అమరిక కూడా మారుతుంది. డిజైనర్ ఫ్యాన్‌ను పనిని బట్టి విడగొడతాడు: మోటారు, రెక్కలు, వేలాడదీసే సామాను, విద్యుత్ భాగాలు. ఉత్పత్తి విభాగం చేసే వరుసను బట్టి, సరుకు ఆగే చోటును బట్టి విడగొడుతుంది.

రెక్కనే తీసుకోండి. ఈ-బామ్‌లో ‘రెక్క, 3’ అని ఒక వరుస. ఫ్యాక్టరీలో పౌడర్ కోటింగ్ బయట జాబ్‌వర్క్‌కు పంపిస్తారు. పంపేటప్పుడు అది రంగు వేయని రెక్క, తిరిగి వచ్చేది రంగు వేసిన రెక్క. రెండూ వేర్వేరు రోజుల్లో వేర్వేరు చోట్ల స్టాకుగా కూర్చుంటాయి. జీఎస్టీ చట్టం 143వ సెక్షన్ ప్రకారం జాబ్‌వర్క్‌కు పంపిన సరుకు ఏడాదిలోగా తిరిగి రావాలి, లేకపోతే పంపిన రోజే అమ్మినట్టు లెక్కకట్టి పన్ను వేస్తారు. చలాన్ మీద ఏ సరుకు వెళ్లిందో, ఏది వచ్చిందో విడివిడిగా చూపించాలంటే రెండు పార్ట్ నంబర్లు ఉండాల్సిందే. అక్కడితో అయిపోలేదు. మూడు రెక్కల బరువు ఒకదానితో ఒకటి సరిపోకపోతే ఫ్యాన్ ఊగుతుంది, కాబట్టి తూచి, దగ్గరి బరువులున్న మూడింటిని ఒక సెట్‌గా కడతారు. ‘రెక్కల సెట్, 1’ అనేది మూడో పార్ట్ నంబర్. డ్రాయింగులో ఒక్కటే ఉన్న వస్తువు స్టోర్స్‌లో మూడు పేర్లతో ఉంటుంది, అలా ఉండటమే సరైనది.

రంగులు కలిస్తే ఇది ఇంకా విస్తరిస్తుంది. మూడు సైజులు, ఆరు రంగులు అంటే 18 రకాల ఫ్యాన్లు. డిజైనర్‌కు మూడు డిజైన్లు, ఒక రంగుల పట్టిక చాలు. అమ్మకాల ఆర్డరు వచ్చేది మాత్రం 18 రకాల్లో ఏదో ఒకదానికి, కాబట్టి తయారీకి 18 జాబితాలు కావాలి. రెండు ఫ్యాక్టరీల్లో చేస్తూ, ఒకచోట పెయింటింగ్ సొంతంగా, ఇంకోచోట బయట చేయిస్తుంటే 36.

దీనికి ఎదురు జరిగే సందర్భమూ ఉంది. డ్రాయింగులో ‘మోటారు బాడీ’ అని ఒక అసెంబ్లీ ఉంటుంది. షాప్‌ఫ్లోర్ మీద అది ఎక్కడా ఆగదు, స్టోర్స్‌లోకి పోదు. బేరింగ్ నొక్కిన కవర్ నేరుగా తర్వాతి బెంచీకి వెళ్లిపోతుంది. అలాంటిదానికి స్టాకు నంబరు ఇచ్చి, ప్రతిసారీ రసీదు, ఇష్యూ స్లిప్ రాయిస్తూ కూర్చుంటే గుమాస్తా పని తప్ప ఇంకేం మిగలదు. ఎం-బామ్‌లో దానికి ‘ఫాంటమ్’ అని గుర్తు పెడతారు. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని దాటుకుని కింది భాగాలను లెక్కిస్తుంది.

ఇన్ని మార్పులు జరిగాక రెండు జాబితాల మధ్య లంకె తెగకుండా చూడటం అసలు కష్టం. దానికి పరీక్ష ఒకటే: ఈ-బామ్‌లోని ప్రతి వరుస ఎం-బామ్‌లో ఎక్కడో ఒకచోట, సరిగ్గా ఆ పరిమాణానికి తేలాలి. రెక్కలు 3 అంటే, సెట్ 1, సెట్‌లో 3. రెక్కకు రెండు చొప్పున స్క్రూలు 6 అంటే, పౌచ్‌లో 6, కస్టమర్ దగ్గర ఒకటి పడిపోతే ఉండాలని అదనంగా 1. ఆ ఒకటి ఎందుకు ఎక్కువుందో పక్కన రాసి ఉండాలి. కారణం రాయని తేడా ప్రతిదీ తప్పుకిందే లెక్క.

కెపాసిటర్ మారిన రోజు

ఏదైనా మార్పు వచ్చినప్పుడు ఈ రెండు జాబితాలు ఎందుకు వేర్వేరుగా ఉండాలో బాగా అర్థమవుతుంది. డిజైన్ విభాగం వైండింగ్ మార్చింది, దానికి తగ్గట్టు 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ స్థానంలో 3.15 పెట్టాలని నిర్ణయించింది. ఆమోదం సోమవారం వచ్చింది. ఈ-బామ్ సోమవారమే మారుతుంది. మారాలి కూడా, అది డిజైన్ రికార్డు.

అదే సోమవారం స్టోర్స్‌లో పాత కెపాసిటర్లు 6,000 ఉన్నాయి. పాత పద్ధతిలో చుట్టిన స్టేటర్లు 2,400 ఉన్నాయి. రోజుకు 800 ఫ్యాన్లు తయారవుతాయి. కెపాసిటర్లు ఏడున్నర రోజులకు సరిపోతాయి, స్టేటర్లు మూడు రోజులకే అయిపోతాయి. పాత స్టేటర్‌కు కొత్త కెపాసిటర్ పెట్టినా, కొత్త స్టేటర్‌కు పాతది పెట్టినా ఫ్యాన్ తిరుగుతుంది. టెస్టు బెంచీ మీద పెద్ద తేడా కనిపించకపోవచ్చు. వేగం తగ్గడం, మోటారు వేడెక్కడం వినియోగదారు ఇంట్లో బయటపడతాయి. కాబట్టి రెండూ ఒకే ఫ్యాన్ నుంచి, ఒకే సీరియల్ నంబరు నుంచి మారాలి.

ఇప్పుడు ప్రొడక్షన్ మేనేజర్ ముందు రెండు దారులున్నాయి. మూడు రోజుల తర్వాత మార్చేస్తే 3,600 పాత కెపాసిటర్లు మిగిలిపోతాయి. ఒక్కోటి 20 రూపాయలైతే 72 వేల రూపాయల సరుకు. లేదా ఇంకో 3,600 స్టేటర్లు పాత పద్ధతిలో చుట్టించి, ఏడున్నర రోజుల తర్వాత మార్చవచ్చు. మార్పు కారణం భద్రతకు సంబంధించినదైతే ఈ లెక్కలేవీ వేయకూడదు, ఆ క్షణమే మార్చాలి. కారణం పనితీరు మెరుగుదల మాత్రమే అయితే రెండోది తెలివైన పని. కొన్ని వందల కెపాసిటర్లు ఎలాగూ సర్వీసుకు దాచాలి, ఎందుకంటే ఇప్పటికే అమ్మిన ఫ్యాన్లలో పాతవే ఉన్నాయి. ఈ నిర్ణయాన్ని ఎం-బామ్‌లో ఫలానా తేదీ నుంచి, ఫలానా సీరియల్ నంబరు నుంచి అని రాస్తారు. ఆమోదానికీ అమలుకూ మధ్య ఉన్న ఆ వారం రోజులు రెండు జాబితాలూ వేర్వేరు మాటలు చెబుతాయి, రెండూ నిజమే చెబుతాయి. జాబితా ఒక్కటే ఉన్న ఫ్యాక్టరీలో ఆ వారం మొత్తం ఎవరో ఒకరు తప్పు సరుకు ఇష్యూ చేస్తూనే ఉంటారు. ఆ తర్వాత ఒక ఫ్యాన్ కాలిపోయి సర్వీసుకు వస్తే, దానిలో ఏ జత ఉందో చెప్పగలిగినవారు ఎవరూ ఉండరు.

ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఈ కష్టాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లాయి. 75 వాట్ల పాత ఫ్యాన్ ఇచ్చే గాలిని ఇవి 30 వాట్లకు అటూఇటూగా ఇస్తాయి. కెపాసిటర్ పోయి అయస్కాంతాలు, సర్క్యూట్ బోర్డు, దానిలో నడిచే ప్రోగ్రాం వచ్చాయి. ప్రోగ్రాంకు బరువు లేదు, అరలో చోటు అక్కర్లేదు. అయినా జాబితాలో దానికి వరుస, వెర్షన్ నంబరు ఉండాల్సిందే. పాత వెర్షన్ ఎక్కించిన బోర్డు చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది, స్టోర్ కీపర్ కంటికి తేడా దొరకదు. ఇన్నేళ్లుగా కళ్లతో, చేతులతో నడిచిన జ్ఞానం పనిచేయని చోటు ఇది.

99 శాతం సరిపోదు

‘మా జాబితా నూటికి తొంభై తొమ్మిది పాళ్లు కరెక్టే’ అనే మాట తరచు వింటాం. ఒక ఫ్యాన్ ఎం-బామ్‌లో 60 వరుసలు ఉన్నాయనుకుందాం. ఒక్కో వరుస సరిగ్గా ఉండే అవకాశం 99 శాతం అయితే, 60 వరుసలూ సరిగ్గా ఉన్న జాబితా దొరికే అవకాశం 54.7 శాతమే. వరుసకు 98 శాతం అయితే 30 శాతం కంటే తక్కువ. ఫ్యాన్ పూర్తి కావాలంటే 60 వరుసలూ కావాలి, 59 ఉంటే ఫ్యాన్ కాదు. ఫ్యాక్టరీ ప్రణాళికలకు ఆలివర్ వైట్ సంస్థ పెట్టిన ‘క్లాస్ ఎ’ ప్రమాణం బామ్‌ల కచ్చితత్వం కనీసం 98 శాతం ఉండాలంటుంది. ఒక్క వరుస తప్పున్నా మొత్తం జాబితా తప్పుకిందే కడతారు. 60 వరుసల జాబితాలకు ఆ ప్రమాణం అందాలంటే పది వేల వరుసల్లో తప్పులు మూడుకు మించకూడదు. కంప్యూటర్ కొన్నంత మాత్రాన ఇది రాదు. మనిషి కూర్చుని సరిచూస్తేనే వస్తుంది.

నిజానికి కంప్యూటర్లు ఈ రంగంలోకి వచ్చిందే ఈ బరువు మోయలేక. అమెరికా చంద్రయాత్రకు అపోలో నౌక భాగాల జాబితాను నిర్వహించడానికి ఐబీఎం, రాక్‌వెల్, క్యాటర్‌పిల్లర్ ఇంజినీర్లు 1966లో ఒక డేటాబేస్ మొదలుపెట్టారు. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీలో అది పని మొదలుపెట్టింది. ఐఎంఎస్ పేరుతో ఈనాటికీ పెద్ద బ్యాంకుల్లో నడుస్తున్నది అదే. ఫ్యాక్టరీల కోసం జోసెఫ్ ఓర్లికీ తీర్చిదిద్దిన ఎంఆర్‌పీ (సరుకు అవసరాల ప్రణాళిక) పద్ధతిని బ్లాక్ అండ్ డెక్కర్ 1964లోనే అమలు చేసింది, ఓర్లికీ పుస్తకం 1975లో వచ్చింది. ఎంఆర్‌పీ చేసేది జాబితాలోని అంకెను ఆర్డరుతో గుణించి, చేతిలో ఉన్న స్టాకు తీసేయడం. అంకె తప్పయితే గుణకారం ఆ తప్పునే పది వేల రెట్లు చేసి చూపిస్తుంది.

జాబితా తెలివి ఎంత ఉన్నా రెండు చోట్ల రెండు రూపాలు పెట్టుకుని లంకె వదిలేస్తే ఏమవుతుందో ఎయిర్‌బస్‌కు తెలిసింది. ఎ380 విమానంలో 530 కిలోమీటర్ల వైరింగ్ ఉంది. హాంబర్గ్‌లో కాటియా డిజైన్ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్, టౌలూస్‌లో ఐదో వెర్షన్ వాడారు. మార్పులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి సరిగ్గా చేరలేదు. హాంబర్గ్ నుంచి వచ్చిన భాగాలను టౌలూస్‌లో కలిపేటప్పుడు వైర్లు అందలేదు. విమానం కాగితం మీద ఒకటి, అసెంబ్లీ హాల్‌లో ఇంకొకటి. కార్యక్రమం దాదాపు రెండేళ్లు వెనకబడింది. 2010 వరకు లాభాలు 480 కోట్ల యూరోలు తగ్గుతాయని మాతృసంస్థ ఈఏడీఎస్ 2006 అక్టోబరులో ప్రకటించింది.

మన దగ్గర ఆదిభట్లలో టాటా-బోయింగ్ సంస్థ 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు తయారు చేస్తోంది. డిజైన్ అమెరికాది, తుది కూర్పు అరిజోనాలోని మెసాలో. డిజైన్ ఒక దేశంలో, తయారీ ఇంకో దేశంలో ఉన్నప్పుడు ఆ రెండు జాబితాల మధ్య లంకె ఎంత గట్టిగా ఉంటే పని అంత సాఫీగా సాగుతుంది. దాన్ని పట్టుకోగల ఇంజినీర్లు తెలుగు నేల మీద ఇప్పటికే ఉన్నారు. ఆ నైపుణ్యం పక్క వీధిలోని యాభై మంది పనిచేసే యూనిట్‌కు ఇంకా చేరలేదన్నదే నా బాధ.

సర్కారు అడిగేదీ ఎం-బామే

ఎగుమతి చేసేవారు అడ్వాన్స్ ఆథరైజేషన్ కింద ముడిసరుకును దిగుమతి సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఒక్కో వస్తువుకు ఎంత ముడిసరుకు అనుమతిస్తారో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) ప్రమాణాల పట్టిక చెబుతుంది. సహజంగా పోయే నష్టాన్ని కూడా కలిపే అనుమతిస్తారు. పట్టికలో మీ వస్తువు లేకపోతే మీరే లెక్క చూపించి ప్రమాణం నిర్ణయించమని అడగాలి. అప్పుడు 1,250 గ్రాములు అని రాసినవాడికి 885 గ్రాముల మీద సుంకం మినహాయింపు పోతుంది. ప్రభుత్వ కొనుగోళ్లలో ‘మేక్ ఇన్ ఇండియా’ ప్రాధాన్యం కోరేవారు స్థానిక వాటా చూపించాలి: 50 శాతం, ఆపైన ఉంటే మొదటి శ్రేణి, 20 నుంచి 50 లోపు ఉంటే రెండో శ్రేణి. ఏ భాగం ఎక్కడిది, దాని విలువ ఎంత అనేది వరుసవారీగా లేకుండా ఆ శాతం ఎలా తేలుతుంది?

యూనిట్ నడుపుతున్నవారికి నేను చెప్పేది ఇది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ గురించి తర్వాత ఆలోచించండి. మీరు ఎక్కువగా అమ్మే ఒక్క వస్తువును తీసుకోండి. దాన్ని పూర్తిగా విప్పి, ప్రతి భాగం తూచి, డ్రాయింగు జాబితాతో సరిచూడండి. తర్వాత ఒక పూర్తి బ్యాచ్‌కు స్టోర్స్ నుంచి నిజంగా వెళ్లిన సరుకును, గేటు దాటిన స్క్రాప్‌ను ఆ పక్కనే రాయండి. ఖరీదులో పైనున్న ఐదు సరుకులతో మొదలుపెడితే చాలు. ఎక్కడ తేడా వచ్చినా ప్రెస్ నడిపేవారిని, వైండింగ్ చేసేవారిని, స్టోర్ కీపర్‌ను కూర్చోబెట్టి కారణం అడగండి. వాళ్లు చెప్పిన కారణం, చెప్పినవారి పేరుతో సహా, ఆ వరుస పక్కనే రాయించండి. వాళ్లు రిటైరయ్యాక ఆ అంకె ఎందుకు అలా ఉందో చెప్పడానికి ఆ కాగితం తప్ప ఇంకేదీ ఉండదు.